మిగిలిపోయిన పదకొండు ఊళ్ళు

థర్మన్ టాకెట్ పేరెత్తితే మా కొండల్లో అందరూ ఫిడేలు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ముందు ఆయన కారు నడిపే తీరు గుర్తొస్తుంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, నడుం నిటారుగా నిలిపి, గంటకు నలభై మైళ్ళు దాటకుండా నడిపేవాడు. మిగతా ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయేవారు. టాపు మీద తాళ్ళతో కట్టిన మనిషెత్తు బేస్ ఫిడేలు గాలికి మూలిగేది. ఆయనొక్కడే మెలకువగా రోడ్డు చూస్తుండేవాడు. పదేళ్ళు అలా నడిపాడు. ఒక్క రోజు మాత్రం నడపలేదు. ఆ ఒక్కరోజు మూడు ప్రాణాలు పోయాయి. నాలుగో ప్రాణం ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు రోడ్ల మీద తిరిగింది.

నా పేరు అర్లెట్టా కూంబ్స్. పోయిన ముగ్గురిలో ఒకడు నా భర్త డోర్సీ.

థర్మన్ పుట్టింది కోల్డ్‌వాటర్ లోయలో. తండ్రి ఈనస్ టాకెట్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి. ఫిడేలంటే సైతాను పెట్టె అని గట్టిగా నమ్మేవాడు. తాత చనిపోతూ వదిలిపోయిన ఫిడేలును థర్మన్ తల్లి పిండి డబ్బాలో దాచిపెట్టింది. మొగుడు గనిలోకి దిగాక బయటికి తీసి కొడుక్కి ఇచ్చేది. ఈలోపు నేర్చుకున్నంత నేర్చుకుని, తండ్రి వచ్చే వేళకు తీగల మీది పిండి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాడట.

ఆయనకు మాట నత్తి. పుట్టుకతో వచ్చింది. బళ్ళో పాఠం చదవమని నిలబెడితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు, పిల్లలు నవ్వేవారు. ఆరో తరగతితో చదువు మానేశాడు. పదహారేళ్ళకు తండ్రి వెంట గనిలోకి దిగాడు. యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలోకి పిలిచి, డాక్టరు నీ పేరేంటని అడిగితే చెప్పలేకపోయాడని వెనక్కి పంపేశారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు వాళ్ళ అక్క చెప్పింది.

డోర్సీ ఆయన్ని మొదటిసారి చూసింది ఒక బడిలో. ఆడవాళ్ళు చేసి తెచ్చిన తీపి రొట్టెలు వేలం వేసి బడిలో చలిపొయ్యికి బొగ్గు కొనేవాళ్ళు అప్పట్లో, ఆ సంబరంలో. మూల కుర్చీలో కూర్చుని, ముఖం గోడవైపు తిప్పుకుని ఒకడు ఫిడేలు వాయిస్తున్నాడు. డోర్సీ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. పాట అయ్యాక, "మా వెంట వస్తావా?" అని అడిగాడు. థర్మన్ నోరు తెరిచి, మూసి, తల ఊపాడు. ఇంటికొచ్చి డోర్సీ నాతో అన్నాడు: "ఒకడు దొరికాడు అర్లెట్టా. మాట్లాడాల్సిందంతా ఫిడేలుతోనే మాట్లాడేస్తున్నాడు. ఇక నేను ఎంత వాగినా అడ్డొచ్చేవాడు లేడు."

అలా నలుగురయ్యారు. పాడేదీ గిటారు వాయించేదీ డోర్సీ. ఒళ్ళో పెట్టుకు వాయించే స్టీల్ గిటారు హెర్షెల్ మలిన్స్‌ది. బేస్ ఫిడేలు ఎల్బర్ట్ లేసీది. ఎల్బర్ట్ లావుపాటి మనిషి, మధ్యలో జోకులు కూడా వాడివే. మధ్యాహ్నం రేడియోలో పావుగంట, సాయంత్రం ఏదో ఒక బడిలోనో, సంతలోనో, గని కూలీల హాల్లోనో కచేరీ. కెంటకీ, వర్జీనియా, టెనెసీ మధ్య వాళ్ళు తిరగని లోయ లేదు. తిండి దారిలోనే. బిస్కెట్ రొట్టెల మధ్య ఉప్పు పంది మాంసం పెట్టి నేను కట్టిచ్చేదాన్ని. రాష్ట్రం దాటక ముందే ఎల్బర్ట్ అందరి వాటా తినేసేవాడు.

డోర్సీకి తాగుడుంది. దాచడమెందుకు, మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. అందుకే కారు తాళాలు థర్మన్ చొక్కా జేబులో ఉండేవి. ఆయన తాగడు, కునుకు తీయడు, తొందరపడడు. వాళ్ళు బయల్దేరే ముందు నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, "మెల్లగా, థర్మన్" అనేదాన్ని. ఆయన రెండు వేళ్ళు టోపీకి తాకించేవాడు. మా ఇద్దరి మధ్యా అంతకుమించి మాటలుండేవి కావు.

పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవాలని అనుకోలేదని కాదు. గ్యాలక్స్ ఊళ్ళో ఈడిత్ అని ఒక టీచరమ్మ ఉండేది. వీళ్ళు అటు వెళ్ళినప్పుడల్లా ముందు వరసలో కూర్చునేది. ఒక వసంతంలో థర్మన్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వాళ్ళ వరండా ఎక్కాడు. ఆ తర్వాత జరిగింది ఎల్బర్ట్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు: "పావుగంట నిలబడ్డాడు వదినా. పె... పె... అంటూనే ఉన్నాడు. ఆ పిల్ల పాపం లోపలికెళ్ళి పెన్ను తెచ్చిచ్చింది. వీడు థాంక్సు అని జేబులో పెట్టుకుని వచ్చేశాడు." అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. థర్మన్ కూడా నవ్వేవాడు. అందులో నిజమెంతో ఎల్బర్ట్ కల్పనెంతో నాకు తెలీదు. ఆ మరుసటి ఏడు ఈడిత్ ఒక పోస్టుమాస్టర్ని చేసుకున్నదనేది మాత్రం నిజం. ఆ తర్వాత గ్యాలక్స్ వెళ్ళినప్పుడు థర్మన్ కారు దగ్గరే ఉండి, తన వంతు వచ్చాకే హాల్లోకి వెళ్ళేవాడట.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఫిబ్రవరిలో వాళ్ళు వర్జీనియాలో ఉన్నారు. టాజ్‌వెల్ ఊళ్ళో కచేరీ అయింది. పొద్దున లేచేసరికి థర్మన్ దవడ వాచి కన్ను మూసుకుపోయింది. పన్ను పీకించుకోక తప్పదు. మధ్యాహ్నం ఇక్కడ మా ఊరు బ్రాన్‌హమ్ రేడియోలో ప్రోగ్రాం ఉంది, మిగతావాళ్ళు ఆగడానికి లేదు. మర్నాడు బస్సులో వచ్చేయమని చెప్పి, తాళాలు తీసుకుని డోర్సీయే నడిపాడు. కొండ దిగే రోడ్డు మంచుకట్టి అద్దంలా ఉంది. వంపులో బొగ్గు లారీ ఎదురొచ్చింది. అప్పుడు పొద్దున పదిన్నర.

నేను వంటింట్లో ఆపిల్ ముక్కలు వేయిస్తున్నాను. మా అమ్మాయి నోవలీన్‌కు అప్పుడు నాలుగేళ్ళు, బల్ల కింద కూర్చుని గరిటెతో ఆడుకుంటోంది. వాళ్ళ నాన్న పాట వస్తుందని రేడియో పెట్టి ఉంచాను. పన్నెండు దాటింది. పాట రాలేదు, ఏదో ఆర్గన్ వాయిద్యం వేశారు. థర్మన్ నడిపే తీరు తెలుసు కదా, ఆలస్యమైంది కాబోలనుకున్నాను. కారు నడిపేది థర్మన్ కాదని నాకేం తెలుసు. అప్పుడు తలుపు కొట్టారు. తీస్తే షెరీఫు ఆఫీసు మనిషి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టారు చర్చిలో. మూతలు తెరవలేదు. జనం బయట మెట్ల దాకా నిలబడ్డారు. థర్మన్ చివరగా వచ్చాడు. దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని, ఒక చెంప నారింజ పండంత వాపుతో. ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేనన్న మాట ఇప్పటికీ ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"పన్ను నొప్పి తగ్గిందా థర్మన్? ఒక్క పన్ను కోసం ముగ్గుర్ని పంపేశావు. నువ్వు నడిపుంటే వాళ్ళు ఇంటికొచ్చేవాళ్ళు."

పెద్దగా అనలేదు. కానీ చర్చి అంతా వినబడింది. ఎల్బర్ట్ తల్లి ఏడుపు ఆపి నా వంక చూసింది. థర్మన్ "అ... అ..." అన్నాడు. నా పేరే పలకబోయాడు. అది పూర్తయ్యేదాకా నేను ఆగలేదు. ముఖం తిప్పేసుకున్నాను.

వారం తర్వాత వంటింటి తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. గోడ మీది క్యాలెండరు వైపు వేలు చూపించాడు. వెళ్ళాల్సిన ఊళ్ళన్నీ డోర్సీ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి రాసుకునేవాడు. ఏప్రిల్ చివరిదాకా పదకొండు మిగిలాయి. అవన్నీ ఒక్కడే వెళ్ళి వాయిస్తానంటున్నాడని నాకు అర్థమైంది, అర్థమయ్యాక ఒళ్ళు మండింది. క్యాలెండరు పీకి ఆయన చేతిలో పడేసి, "తీసుకుపో. ఇది మళ్ళీ నా కంటబడకూడదు" అన్నాను. మడిచి కోటు లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన మొహం నేను చూడలేదు.

ఏం చేశాడో బయటివాళ్ళ వల్ల తెలిసింది. నేనప్పటికి మెయిన్ రోడ్డు మీద కాఫీ హోటల్లో పనికి కుదిరాను. ఆ వేసవిలో మేబెల్ రాస్నిక్ అనే బడిపంతులమ్మ వర్జీనియా నుంచి చుట్టాలింటికి వెళుతూ మా దగ్గర భోజనానికి ఆగింది. నేను డోర్సీ కూంబ్స్ భార్యనని తెలిసి చెప్పసాగింది.

ఆ పదకొండులో మొదటి ఊరు వాళ్ళదేనట. ముగ్గురూ పోయారని పేపర్లో చదివి, ఇక కచేరీ ఉండదనుకుని, బడి తలుపుకు తాళం పెట్టుకుని వెళ్ళబోతుంటే ఒక పాత ట్రక్కు వచ్చి ఆగిందట. ఫిడేలు పెట్టెతో ఒక్కడు దిగాడు. సంగతి తెలియని వాళ్ళెవరో మిగతావాళ్ళేరని అడిగితే, జేబులోంచి ప్రమాదం వార్త ఉన్న పేపరు ముక్క తీసి మేబెల్ చేతికిచ్చాడు. ఆమె పైకి చదివింది. ఇరవై మంది దాకా పోగయ్యారు. అతను స్టేజీ మధ్యకు రాలేదు, ఎప్పుడూ నిలబడే ఎడమ పక్కనే నిలబడి మొదలుపెట్టాడు.

"మీ ఆయన పాడే చోటు వచ్చేసరికి ఫిడేలు బాగా తగ్గించేశాడమ్మా, వినీ వినబడనట్టు" అంది మేబెల్. "స్టీలు గిటారు చోటు వచ్చినప్పుడు పూర్తిగా ఆపి, కాలితో తాళం వేస్తూ నిలబడ్డాడు. మర్చిపోయాడేమో అనుకున్నాం. తర్వాత సరిగ్గా తన చోట మళ్ళీ అందుకున్నాడు. రెండు గంటలు అలాగే. ఒక్క మాట మాట్లాడలేదు. నేను చాలా కచేరీలు విన్నాను గానీ, అది మాత్రం ఇంకోసారి వినలేను."

ఆమె గ్లాసులో నీళ్ళు పోయబోయి బల్ల మీద పోశాను.

పదకొండు ఊళ్ళూ వాయించాడు. పన్నెండో ఊరికి ఎవరో పిలిచారు. ఆ తర్వాత ఇంకొకరు. పిలవని ఊళ్ళకు కూడా వెళ్ళేవాడు, పాత అలవాటు కొద్దీ, మార్చి మూడో శనివారం ఫలానా బడి అని. జాలిపడి వచ్చేవాళ్ళు కొందరు, విడ్డూరం చూడ్డానికి కొందరు. రెండేళ్ళు పోయాక కుర్రకారంతా కరెంటు గిటార్ల వెంట పడ్డారు, జాలిపడేవాళ్ళూ తగ్గారు.

ఒకసారి మంచి రోజులు తలుపు తట్టాయి. నాష్‌విల్‌లో బక్ హాలోవే అని అప్పట్లో రేడియోలో మోగిపోతున్న గాయకుడు ఉండేవాడు, ఆయన బృందంలోకి థర్మన్‌ను తీసుకున్నారు. మెరుపుల కోట్లు, పడుకోవడానికి పక్కలున్న సొంత బస్సు, పెద్ద పెద్ద ఊళ్ళు. నాలుగు నెలలున్నాడు. వాయింపులో లోపమేం లేదు. బస్సులోనే కష్టమైంది. ఇంకొకడు నడుపుతుంటే ఆయనకు కన్ను మూతపడేది కాదు. అందరూ పక్కలెక్కి పడుకుంటే ఈయన వెళ్ళి డ్రైవరు వెనక మెట్టు మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవాడు. ఆ డ్రైవరు మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి ఈ మనిషి వెనకుంటే చేతులు వణుకుతున్నాయని బక్‌తో చెప్పాడు. థర్మన్ కోటు మడిచి ఇచ్చేసి, స్టేషన్ వ్యాగన్ అనే పొడుగు కారు పాతదొకటి కొనుక్కుని మళ్ళీ ఒంటరిగా బయల్దేరాడు. వెనక సీటు తీసేసి పరుపు వేసుకున్నాడు. అదే ఇల్లు.

అరవై ఆరు ఆగస్టులో మా జిల్లా సంతకు వచ్చాడు. నోవలీన్‌కు పదకొండేళ్ళు. నాన్నతో వాయించినాయన వచ్చాడట, చూద్దామని చెయ్యి పట్టుకు లాగింది. రానన్నాను. అది ఏడుపు మొహం పెట్టింది. వెళ్ళాం.

మధ్యాహ్నం ఎండ. గొర్రెల బేరం జరిగే షెడ్డు పక్కన చెక్క వేదిక. ముందు బెంచీల మీద ఓ ముప్పై మంది, ఎక్కువమంది ముసలివాళ్ళే. థర్మన్ బాగా చిక్కాడు, కణతల దగ్గర నెరిసింది. ఎడమ పక్కన నిలబడ్డాడు. డోర్సీ రోజూ రేడియోలో మొదట పాడే పాటే మొదలుపెట్టాడు. ఫిడేలు తగ్గింది. నా భర్త గొంతు ఉండాల్సిన చోట ఈగల మోత, దూరంగా ఎవరో గొర్రెకు ధర పలకడం వినిపించాయి. అప్పుడు రెండో బెంచీ మీద ఒక ముసలావిడ, పళ్ళు లేని నోటితో, ఆ చరణం గొణిగింది. పక్కనున్నాయన కలిశాడు. నోవలీన్ నా వంక చూసి, "అమ్మా, నాన్న పాట వీళ్ళకెలా వచ్చు?" అంది.

నేను లేచి వెనక్కి వెళ్ళిపోయాను. కంచర గాడిదలు కట్టేసిన చోట కంచె పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపైందో, వెనక అడుగుల చప్పుడైంది. ఫిడేలు చంకలో పెట్టుకుని థర్మన్ నిలబడ్డాడు. నేనే ముందు మాట్లాడాను.

"ఎందుకలా ఖాళీలు వదుల్తావు? చచ్చినవాళ్ళను చూపించి జనాన్ని ఏడిపించడానికా?"

ఆయన చాలాసేపు నోరు కదిపాడు. నేనీసారి ముఖం తిప్పుకోలేదు. పూర్తయ్యేదాకా ఆగాను.

"వ... వదలడం కాదు అర్లెట్టా. నా... నాకు నా వంతే వచ్చు. ప... పదేళ్ళు అంతే వాయించాను. మిగతాది వా... వాళ్ళు చూసుకునేవాళ్ళు."

"పాడొచ్చుగా. పాటలో నత్తి రాదంటారు."

"పా... పాట డోర్సీది."

గాడిద ఒకటి తల కంచె మీద పెట్టింది. ఆయన దాని నుదురు రాశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. అప్పుడు, నా వైపు చూడకుండా, ఆ గాడిదతో చెబుతున్నట్టు అన్నాడు:

"ఆ రోజు డోర్సీ తాగలేదు. తాళాలిచ్చే ముందు నేను దగ్గరికెళ్ళి నోరు వాసన చూశాను. కాఫీ వాసన తప్ప ఏం లేదు. మంచు వల్లే జరిగింది."

ఒక్క అక్షరం తడబడలేదు. ఏడేళ్ళుగా నన్ను లోలోపల తినేస్తున్నది అదే. థర్మన్ మీద పడి ఏడ్చింది కూడా, డోర్సీ తాగి నడిపాడేమో అన్న మాట నాకు నేను అనుకోలేకే. అది నేనెవరితోనూ అనలేదు. ఈయన ఎలా కనిపెట్టాడో కనిపెట్టాడు. ఆ వాక్యం అంత నున్నగా ఎలా వచ్చిందని తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. నిజం కాబట్టి వచ్చిందా? లేక ఏడేళ్ళు ఒంటరిగా కారు నడుపుతూ, నా కోసం మళ్ళీ మళ్ళీ పలికి పలికి నేర్చుకున్నాడా? అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడని భయం.

చర్చిలో అన్న మాటకు క్షమించమని ఆ రోజే అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అప్పటికి నోవలీన్ వెతుక్కుంటూ వచ్చింది. "బాబాయ్, నాన్నకి మీరంటే ఇష్టమా?" అని నేరుగా అడిగింది. ఆయన తల ఊపాడు. నేను దాని చెయ్యి పట్టుకుని, ఇంటికెళ్దాం పద అన్నాను.

ఆ తర్వాత ఏటా రెండుమూడు సార్లు మా హోటల్‌కు వచ్చేవాడు. అప్పటికి ఆ హోటల్ నేనే నడుపుతున్నాను. చివరి స్టూలు మీద కూర్చునేవాడు. చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె, గ్లాసుడు మజ్జిగ. రొట్టె సగం మజ్జిగలో చిదుపుకుని చెంచాతో తినేవాడు. రద్దీ తగ్గాక నేను ఎదురుగా నిలబడి ఊళ్ళో సంగతులు చెప్పేదాన్ని. ఆయన వినేవాడు. ఒక్కోసారి, ఫలానా బడి మూసేశారనో, ఫలానా హాలు కూల్చేశారనో చెప్పేవాడు. ఆ ఒక్క మాటకే పావుగంట పట్టేది. నాకేం తొందర ఉండేది కాదు.

మా ఇద్దరి గురించి ఊళ్ళో గుసగుసలుండేవి. ఒకసారి పక్క దుకాణం క్లైడ్ ఎగతాళి చేశాడు: "ఏమమ్మా, ఫిడేలాయన ఏడాదికి మూడుసార్లే కనిపిస్తాడు, సరిపోతుందా?" నేను కాఫీ కెటిల్ ఎత్తి చూపించాను, నోరు మూసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఊహ నాకూ ఒకటి రెండు సార్లు వచ్చింది. ఆయనకూ వచ్చిందేమో. కానీ మా ఇద్దరి మధ్యా చర్చిలో నేనన్న మాట ఉంది. దాన్ని దాటుకుని ఇటు రావడం ఆయనకు చేతకాలేదు, తీసి పక్కన పెట్టడం నాకు చేతకాలేదు.

పంతొమ్మిది వందల ఎనభై వచ్చేసరికి ఆ తిరుగుడు చూడ్డానికే కష్టంగా ఉండేది. చిన్న బళ్ళన్నీ కలిపేసి పెద్ద బళ్ళు కట్టారు. ఆయన మాత్రం మూసేసిన బడి మెట్ల మీద కూడా అన్నరోజుకి, అన్నవేళకి వెళ్ళి వాయించేవాడట. ఒకసారి నోవలీన్ చూసింది. అది అప్పటికి పక్క జిల్లాలో నర్సు. ఇళ్ళకు తిరిగి ముసలివాళ్ళకు మందులిచ్చే పని. దారిలో మేబెల్ రాస్నిక్ వాళ్ళ పాత బడి దగ్గర వ్యాగన్ కనబడి ఆగింది. కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉన్నాయట, ముంగిట నడుమెత్తు గడ్డి. మెట్ల మీద థర్మన్, ఎదుట ఒక ముసలి మొగుడూ పెళ్ళాం, వాళ్ళ కుక్క. చివరిదాకా విని, చప్పట్లు కొట్టి, "బాబాయ్, మాతో భోజనానికి రండి" అని అడిగిందట. సాయంత్రానికి ఇంకో ఊరు చేరాలని చెప్పాడట. ఆ ఊళ్ళో ఆయన కోసం ఎవరూ ఎదురు చూడ్డం లేదని దానికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

వేళ్ళు బిగుసుకుపోయి ఫిడేలు పట్టుకోవడం కుదరనప్పుడు ఆగాడు. వాళ్ళ అక్క అప్పటికే పోయింది. మా ఊరి చివర ముసలివాళ్ళను చూసుకునే ఇల్లొకటి ఉంది, అక్కడ చేర్చాం. ప్రతి గురువారం హోటల్‌కు సెలవు పెట్టి వెళ్ళేదాన్ని. ఆయన మంచం కిటికీ పక్కన. కిటికీలోంచి రోడ్డు కనబడేది. పోయే కార్లను చూస్తూ, ఎవడైనా వంపు దగ్గర వేగంగా వెళితే ముఖం చిట్లించేవాడు.

ఎనభై ఏడు జనవరిలో ఒక గురువారం, ఆయనకు గడ్డం గీస్తూ నేనే ఎత్తాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక, చెంప మీద సబ్బు ఉండగా, ఆయన మాట్లాడ్డానికి వీల్లేనప్పుడు చెప్పాను.

"చర్చిలో నిన్నో మాటన్నాను థర్మన్. అది తప్పు. అప్పుడే తెలుసు తప్పని. ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను."

ఆయన నా మణికట్టు పట్టుకుని కత్తి పక్కకు తీశాడు. చేతిలో బలం లేదు, అయినా తీశాడు.

"త... తప్పేముంది" అన్నాడు. "నేను నడిపుంటే మె... మెల్లగా నడిపేవాణ్ణి. అ... అంతే కదా నువ్వంది."

"దవడ వాయడం నీ చేతిలో ఉందా?"

"ఒ... ఒంటి కంటితో నడపొచ్చు. ఆ పూటకి ఓర్చుకోవచ్చు. ఓ... ఓర్చుకోలేదు."

నేను ఏనాడో కోపంలో విసిరిన మాట అది. దాన్ని మూటగట్టుకుని మూడు రాష్ట్రాలు తిరిగాడు, ఒక్క రోజు కూడా నా మీద కోపం తెచ్చుకోకుండా. కోపం తెచ్చుకుని ఉంటే ఇద్దరికీ బాగుండేది. మిగిలిన సగం గడ్డం గీశాను. తడి గుడ్డతో ముఖం తుడిచాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మంచు ప... పడుతోంది. నువ్వు ఇక బయల్దేరు" అన్నాడు.

మార్చిలో పోయాడు. పొద్దున కాఫీ తెచ్చిన ఆయమ్మ చూసింది.

కోల్డ్‌వాటర్ లోయలో థర్మన్ వాళ్ళ పెద్దల సమాధులున్న కొండను గనివాళ్ళు ఎప్పుడో తవ్వేశారు. మా ఊళ్ళోనే, ఎల్బర్ట్ సమాధి పక్కన చోటుంటే వాళ్ళ తమ్ముణ్ణి అడిగి అక్కడ పెట్టించాను. వాన. తొమ్మిది మంది వచ్చారు, పాస్టరుతో కలిపి. ఫిడేలు ఆయనతోనే పంపమని నోవలీన్ అంది, పంపాం. అది సరైన పనో కాదో నాకు తెలీదు. వాయించేవాడెవడైనా తీసుకునేవాడని తర్వాత ఒకరిద్దరు నన్ను తప్పుబట్టారు.

వచ్చిన తొమ్మిది మందిలో ఒకాయన్ని మేమెవరం ఎరగం. అరవై ఏళ్ళుంటాయి, పొలం పని చేసే చేతులు. టాజ్‌వెల్ అవతలి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చానన్నాడు. పేపర్లో చిన్న ముక్క పడితే చూశాడట. సమాధి దగ్గర్నుంచి తడుస్తూ హోటల్‌కు వచ్చాడు. తినడానికి పెట్టాను. కుర్రతనంలో భార్యతో కలిసి థర్మన్ వాయింపు ఒక్కసారి విన్నాడట. ఆమె పోయి రెండేళ్ళయిందట. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. తిన్నాక టోపీ తీసుకుంటూ అడిగాడు:

"ఆయనకి ఎవరన్నా ఉన్నారా అమ్మా? ఓ మాట చెప్పి వెళ్దామని."

"లేరు. ఎవరూ లేరు" అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయాడు. నేను బల్లలు తుడిచి, ఆ వచ్చినాయన ప్లేటు తీసి కడిగి బోర్లించాను. అలా నిలబడి ఉండగా, ఆయన అడిగింది, నేను చెప్పింది మళ్ళీ చెవిలో పడినట్టయింది. నేనుండగానే ఎవరూ లేరన్నాను. చేతులు తుడుచుకోకుండానే బయటికి పరుగెత్తాను. మెట్ల ముందు ఖాళీగా ఉంది. ఆయన కారు అప్పటికే వంతెన దాటి, వానలో వర్జీనియా రోడ్డు ఎక్కేసింది.